కోత ఎటువైపు అన్నదానికన్నా కప్పు ఏ కోణంలో అన్నదే ముఖ్యం

ప్రశ్న: మా అమ్మగారికి 66 ఏళ్లు. తుంటి కీలు పూర్తిగా అరిగిపోయింది, మార్పిడి తప్పదన్నారు. తొడ ముందు నుంచి చేస్తే త్వరగా నడుస్తారని ఒక డాక్టరుగారు, వెనక నుంచే చేస్తానని మరొకరు అంటున్నారు. ఆమెకు ఇదివరకే నడుములో రాడ్లు, స్క్రూలు వేశారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు చివర్లో రాసిన నడుము ఆపరేషన్ సంగతే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. అది ఇద్దరు డాక్టర్లకూ తెలుసో లేదో ముందు కనుక్కోండి.

ముందు నుంచి చేసేటప్పుడు కండరాలను కోయకుండా వాటి సందులోంచి కీలును చేరుకుంటారు కనుక తొలి వారాల్లో నడక కాస్త తేలికవుతుంది. ప్రకటనల్లో కనిపించేది ఈ మాటే. కొన్ని నెలలు గడిస్తే ఆ తేడా దాదాపు ఉండదు. కొందరికి తొడ బయటివైపు తిమ్మిరి మిగులుతుంది. వెనక పద్ధతిలో కీలు జారే ముప్పు ఎక్కువన్న పేరు ఉన్నా, విడదీసిన చిన్న కండరాలను, కీలు పొరను తిరిగి కుట్టడం అలవాటయ్యాక అది బాగా తగ్గింది.

ఇక కప్పు సంగతి. కటి ఎముకలోని గుంటలో అమర్చే కృత్రిమ గిన్నెనే కప్పు అంటారు; తొడ ఎముక పైకొసన అమర్చే బంతి అందులో తిరుగుతుంది. దాని వాలు 40 డిగ్రీలు, ముందుకు తిరిగి ఉండటం 15 డిగ్రీలు, రెండింటిలోనూ 10 డిగ్రీలు అటూ ఇటూ ఉండవచ్చని 1978లో ల్యూయినెక్ అనే వైద్యుడి బృందం సూచించింది. అయితే ఆ హద్దుల్లో అమర్చిన కీళ్లు కూడా జారుతున్నాయి. మనం కూర్చున్నప్పుడు కటి సుమారు 20 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. దాంతో కప్పు ముందువైపు తెరుచుకుని, పైకి లేచిన తొడ ఎముకకు చోటిస్తుంది. మీ అమ్మగారిలా రాడ్లు, స్క్రూలు వేయడంతో నడుము బిగిసిపోయినవారిలో ఈ కదలిక తగ్గిపోతుంది కనుక, ఎత్తు తక్కువ కుర్చీలోంచి ముందుకు వంగి లేచేటప్పుడు తొడ ఎముక మెడ కప్పు అంచుకు తగిలి, బంతి వెనక్కి జారిపోయే ప్రమాదం ఉంది.

అందువల్ల నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి, నడుము నుంచి తుంటి వరకు పక్కనుంచి ఎక్స్‌రేలు తీయించి, వాటిని బట్టి కప్పు కోణం నిర్ణయిస్తారేమో అడగండి. జారే ముప్పు ఎక్కువనిపిస్తే, బంతి రెండు చోట్ల కదిలే డ్యూయల్ మొబిలిటీ కప్పు వేసే వీలుంది. ఈ ప్రశ్నలకు స్పష్టంగా సమాధానం చెప్పి, తనకు బాగా అలవాటైన పద్ధతిలో చేసే డాక్టరునే ఎంచుకోండి, అది ముందైనా వెనకైనా సరే.

వెళ్లేటప్పుడు పాత ఆపరేషన్ డిశ్చార్జి కాగితం తీసుకెళ్లండి; ఎన్ని పూసలు కలిపారో, త్రికాస్థి (వెన్నెముక అడుగున, కటిలో ఉండే ఎముక) వరకు వెళ్లారో లేదో అందులో ఉంటుంది.