స్లోవక్ క్రియల జతలతో కుస్తీ పడుతున్న చిట్టికి

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. వార్డులకు వెళ్లడం మొదలయ్యాక స్లోవక్ క్రియలతో టెన్షన్ పడుతున్నావన్నమాట. స్లోవేకియాలోని కోషిత్సెలో మీ మెడిసిన్ క్లాసులు ఇంగ్లిష్‌లో జరిగినా, మంచం మీదున్న పెద్దావిడ మాట్లాడేది స్లోవక్కే. ఇది తప్పించుకోగలిగేది కాదు, కానీ నువ్వు అనుకుంటున్నంత కష్టమూ కాదు.

స్లోవక్‌లో చాలా క్రియలు జతగా వస్తాయి, ఒకటి న్యెదొకొనవీ, ఇంకోటి దొకొనవీ. ముందు ఆ జతలను బట్టీ పట్టే పట్టిక పక్కన పెట్టు. పీసత్, నపీసత్ రెండింటి ఎదురుగా 'రాయడం' అని రాసుకుంటే ఏది ఎక్కడ వాడాలో ఎప్పటికీ తేలదు. న్యెదొకొనవీ క్రియ, పని సాగుతూ ఉండడాన్నో, అలవాటుగా జరగడాన్నో చూపిస్తుంది. దొకొనవీ క్రియ అదే పనిని మొదలు నుంచి చివరిదాకా ఒక్కటిగా, పూర్తయ్యేదిగా చూపిస్తుంది. అది నిన్న జరిగిందా, రేపు జరుగుతుందా అన్నది వేరే సంగతి.

ఎక్స్‌రే గదిలో చెవి పెట్టి విను. 'నదీఖ్నిత్యె స' అంటారు, అంటే ఒక్కసారి ఊపిరి పీల్చుకోండి అని. అది దొకొనవీ. వెంటనే 'న్యెదీఖయ్త్యె', ఊపిరి బిగపట్టి ఉండండి. ఫొటో అయ్యాక 'దీఖయ్త్యె', ఇక మామూలుగా పీలుస్తూ ఉండండి. ఈ రెండూ న్యెదొకొనవీ. ఈ మూడు మాటల్లో ఉన్న తేడా ఏ పట్టికా ఇంత బాగా చెప్పదు.

నువ్వు స్లోవక్‌ను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటున్నావు, చిక్కంతా అక్కడే. 'ఐ ఎన్ జీ' ఉంటే న్యెదొకొనవీ, 'హావ్' ఉంటే దొకొనవీ అని లెక్క వేసుకున్నావు కదా? అది నిలవదు. యాంటీబయాటిక్స్ ఎప్పుడైనా వాడారా అని అడగాలంటే ఇంగ్లిష్‌లో 'హావ్ యూ' వస్తుంది, స్లోవక్‌లో మాత్రం న్యెదొకొనవీ, 'బ్రలి స్త్యె'. కోర్సు చివరిదాకా వేసుకున్నారా అంటే 'దొబ్రలి స్త్యె'. ఈ రెండూ కలిపేస్తే మందు మధ్యలో మానేసిన మనిషి కూడా నీకు 'ఆనొ', అంటే అవును, అనే చెబుతాడు. డాక్టర్‌గా నీకు ఆ తేడా తెలిసి తీరాలి.

తెలుగు కొంత సాయం చేస్తుంది. 'రాస్తున్నాను', 'రాసేశాను' మధ్య తేడా నీకు ఎవరూ నేర్పలేదు కదా. కానీ మన 'రాసేయడం'లో తొందరో, వదిలించుకోవడమో కూడా ధ్వనిస్తుంది. దొకొనవీలో అది ఉండదు, జాగ్రత్త.

భవిష్యత్తు దగ్గర మాత్రం తెలుగు కూడా సాయపడదు. 'రోజూ రాస్తాను', 'రేపు రాస్తాను' రెండింటికీ మనకు ఒకటే రూపం. స్లోవక్‌లో రోజూ రాసేది పీషెమ్. రేపు రాస్తూ ఉంటానంటే బుద్యెమ్ పీసత్. రేపు రాసి ముగిస్తానంటే నపీషెమ్. చూడ్డానికి వర్తమానంలా ఉన్నా నపీషెమ్ భవిష్యత్తే, దొకొనవీకి వర్తమానం లేదు. బుద్యెమ్ పక్కన నపీసత్ ఎప్పుడూ పెట్టకు. మొదలుపెట్టడం, ఆపడం చెప్పే జచత్, ప్రెస్తత్ తర్వాత కూడా న్యెదొకొనవీయే వస్తుంది.

వద్దని చెప్పేటప్పుడు మామూలుగా న్యెదొకొనవీ వాడతారు. కళ్లు తెరవమనడానికి 'ఒత్వొర్త్యె ఒచి', తెరవొద్దనడానికి 'న్యెఒత్వారయ్త్యె ఒచి'. కానీ పొరపాటున జరిగేదాని గురించి హెచ్చరించాలంటే దొకొనవీ: 'న్యెస్పద్నిత్యె', పడిపోతారు జాగ్రత్త!

ముందు చేరే ఉపసర్గల గురించి అడిగావు. పీసత్‌కు 'న' చేరితే పని పూర్తవడం తప్ప అర్థం పెద్దగా మారదు. అదే ప్రెత్పీసత్ అయితే మందు రాసివ్వడం, పొత్పీసత్ అయితే సంతకం చేయడం. ఇవి కొత్త క్రియలే, వాటికి సొంత న్యెదొకొనవీ జతలున్నాయి: ప్రెత్పిసొవత్, పొత్పిసొవత్. కాబట్టి ఉపసర్గలను విడిగా బట్టీ పట్టకు, క్రియతో కలిపి ఒక్కో మాటగా నేర్చుకో.

అనుమానమొస్తే స్లోవక్ అకాడమీ వాళ్ల లుదొవీత్ ష్తూర్ భాషా సంస్థ నిఘంటువులు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. క్రియ పక్కన 'దొక్.', 'న్యెద్.' అని గుర్తు ఉంటుంది. వేసవిలో వీలైతే బ్రాతిస్లావాలో కొమెన్‌స్కీ యూనివర్సిటీ నడిపే స్టూడియా అకాడెమికా స్లొవాకా అనే వేసవి స్కూలుకు రా, 1965 నుంచి విదేశీయులకు స్లోవక్ నేర్పుతున్నారు. మా ఇంట్లోనే ఉండొచ్చు.

ఈ వారం వార్డులో విన్న ఆజ్ఞలు, ప్రశ్నలు ఓ పుస్తకంలో పూర్తి వాక్యాలుగా రాసుకో. ఆదివారం ఫోన్ చేసి ఒక్కోటీ చదువు, ఏది ఎందుకలా వచ్చిందో ఇద్దరం చూద్దాం.

నీ పెద్దమ్మ