డాక్టర్ సలహా: నాన్నకు షుగర్, స్టెంట్... కేరళ టూర్‌కు తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్. డిసెంబర్ చివర్లో ఇంటిల్లిపాదీ ఆరు రోజులు కేరళ వెళ్తున్నాం. తెల్లవారుజాము ఫ్లైట్‌కి కొచ్చిలో దిగి నేరుగా మున్నార్, అక్కడ రెండు రాత్రులు, తేక్కడిలో ఒకటి, అలెప్పీ హౌస్‌బోట్‌లో ఒకటి, చివరి రాత్రి కొచ్చి. మాకోసం విడిగా కారు, డ్రైవర్‌ను మాట్లాడుకున్నాం. నాన్నకు 69 ఏళ్లు. చాలా కాలంగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి భోజనానికి ముందు మిక్స్ ఇన్సులిన్ వేసుకుంటారు, మాత్రలు కూడా వాడతారు. రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. అమ్మకు 64. బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతులు. పాపకు ఏడేళ్లు. ‘ఈ వయసులో వాళ్లను కొండలెక్కించడం అవసరమా’ అని బంధువులు అంటుంటే టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండమ్మా. షుగర్ ఉందని, స్టెంట్ పడిందని పెద్దవాళ్లను ఇంట్లోనే కూర్చోబెట్టాల్సిన పని లేదు. కొండల గురించి మీ బంధువుల భయానికి కూడా ఆధారం లేదు. మున్నార్ దాదాపు 1,500 నుంచి 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. నాన్నగారు మామూలు నడకతో రెండంతస్తులు ఎక్కినా ఛాతీలో బరువు, ఆయాసం లేకపోతే ఈ ప్రయాణం ఆయన గుండెకు భారం కాదు. అయినా బయల్దేరే రెండు మూడు వారాల ముందు ఆయన కార్డియాలజిస్టును కలవండి. ఈసీజీ, బీపీ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూపించండి. ఈ మధ్య కొత్తగా ఆయాసం గానీ, కాళ్ల వాపు గానీ, నడిస్తే ఛాతీ పట్టేసినట్టు ఉండడం గానీ ఉంటే మాత్రం టికెట్ల డబ్బు పోయినా సరే, ముందు అది తేల్చుకోండి.

నన్ను ఆలోచనలో పడేసింది కొండలు కాదు, మీరు రాసిన మొదటి రోజు. తెల్లవారుజాము ఫ్లైట్ అంటే మూడింటికి లేస్తారు. ఆ వేళ ఇన్సులిన్ వేసుకోవాలా వద్దా అని నాన్నగారికి అనుమానం వస్తుంది. వేసుకుని బయల్దేరితే ఎయిర్‌పోర్టులో ఒక కాఫీ, రెండు బిస్కెట్లు. కొచ్చిలో దిగాక ‘దారిలో తిందాం’ అనుకుంటారు. దారిలో చీయప్పార జలపాతం, ఫొటోలు, ట్రాఫిక్. మున్నార్ చేరి భోజనానికి కూర్చునేసరికి మూడవుతుంది. పొద్దున వేసుకున్న మిక్స్ ఇన్సులిన్ మధ్యాహ్నం కూడా పనిచేస్తూనే ఉంటుంది. కడుపు మాత్రం ఖాళీ. షుగర్ పడిపోవడానికి ఇంతకంటే అనువైన రోజు ఉండదు.

పైగా అది ఘాట్ రోడ్డు. నాన్నగారికి చెమటలు పట్టి, కడుపులో తిప్పుతోందని, కళ్లు తిరుగుతున్నాయని అంటే ఇంట్లోవాళ్లంతా ‘మలుపుల వల్లే, కాసేపు కళ్లు మూసుకోండి’ అంటారు. దయచేసి ఆ మాట అనకండి. కారు ఆపించి గ్లూకోమీటర్‌తో చూడండి. స్టెంట్ పడినవాళ్లు చాలామంది మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర వాడతారు. అది వాడేవాళ్లకు షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు సరిగా బయటపడవు. చెమట ఒక్కటే కనిపించొచ్చు. షుగర్ 70 లోపు ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. పెరిగాక ఏదైనా టిఫిన్ పెట్టండి. మగతగా ఉండి మింగలేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. షుగర్ మామూలుగా ఉండి చెమటలు, ఛాతీలో బరువు, ఎడమ చేయి లేదా దవడ లాగడం ఉంటే అది గుండె కబురు. గ్యాస్ మాత్ర వేసి ముందుకు సాగొద్దు.

విడిగా కారు మాట్లాడుకోవడంలోని అసలు లాభాన్ని ఇక్కడే వాడుకోండి. గ్రూప్ టూర్‌లో బస్సు మనకోసం ఆగదు, మీ కారు ఆగుతుంది. టూర్ ఆపరేటర్ పంపిన కాగితం మీద ముందు నాన్నగారి మూడు పూటల భోజనం టైములు రాయండి. మిగిలిన సమయంలో ఎన్ని చోట్లు పడితే అన్నే చూడండి. కొచ్చి ఎయిర్‌పోర్టు నుంచి మున్నార్ 110 కిలోమీటర్ల పైచిలుకు, నాలుగు గంటలు పట్టొచ్చు. ఎయిర్‌పోర్టు బయటికి రాగానే కూర్చుని టిఫిన్ చేయండి, పొద్దుటి ఇన్సులిన్ అప్పుడు. మధ్యాహ్నం భోజనం కోతమంగళంలోనే ముగించుకుని ఒక అరగంట కాళ్లు చాపుకోండి. ఆ తర్వాత నేరియమంగళం వంతెన దాటితే ఘాట్ మొదలవుతుంది. జలపాతం వాన ఉన్నప్పుడు బాగుంటుంది, డిసెంబర్‌లో అంత నీరు ఉండకపోవచ్చు. టైం లేకపోతే వదిలేసినా నష్టం లేదు.

ఇంట్లో ఆయన ఇన్సులిన్ వేసుకుని అరగంట ఆగి తింటూ ఉండొచ్చు. టూర్‌లో ఆ అరగంటను నమ్ముకోవద్దు. హోటల్‌లో ‘పది నిమిషాల్లో వస్తుంది సార్’ అన్నది నలభై నిమిషాలు అవుతుంది. భోజనం టేబుల్ మీదకు వచ్చాకే సూది తీయమనండి. దానివల్ల తిన్నాక షుగర్ కాస్త పెరగొచ్చు. ఒక్క వారం పెరిగిన షుగర్ కంటే ఒక్కసారి పడిపోయిన షుగరే ప్రమాదం. ఎక్కువ నడిచిన రోజు, తక్కువ తిన్న రోజు ఎన్ని యూనిట్లు తగ్గించాలో మీ డాక్టర్‌తో ముందే రాయించుకోండి. ఫోన్ సిగ్నల్ అందని చోట ఆ చీటీయే దిక్కు.

తిండి గురించి అంత భయం అక్కర్లేదు. పుట్టు, అంటే బియ్యప్పిండితో ఆవిరి మీద చేసే టిఫిన్, తినేటప్పుడు కొంచెం తగ్గించి, పక్కన ఇచ్చే కడలకూర, అంటే నల్ల శనగల కూర, ఎక్కువ పెట్టించుకోమనండి. అక్కడి ఎర్రటి మట్ట బియ్యం అన్నం లావుగా ఉంటుంది, కడుపు త్వరగా నిండుతుంది. అయినా అది అన్నమే. ఎర్ర బియ్యం కదా అని రెండోసారి వడ్డించుకోవడం పనికిరాదు. కప్ప అని పిలిచే కర్రపెండలం, నేంద్రం అరటిపండు, పాయసం... ఈ మూడూ షుగర్‌ను బాగా పెంచుతాయి. రుచి చూడమనండి, భోజనంగా చేయొద్దు.

ఇన్సులిన్ పెన్నులు చేతి బ్యాగులోనే ఉంచండి, ప్రిస్క్రిప్షన్ కూడా పెట్టండి. చెక్-ఇన్ లగేజీలో వేస్తే చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది, బ్యాగు రాకపోతే మందే ఉండదు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు బయట ఉన్నా పాడవదు. మున్నార్‌లో డిసెంబర్ రాత్రులు పది డిగ్రీల దాకా దిగుతాయి, అక్కడ ఫ్రిజ్ అవసరమే లేదు. హోటల్ చిన్న ఫ్రిజ్‌లో ఐస్ పట్టే గోడకు ఆనించి పెడితే మాత్రం గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా వాడకూడదు. మీరు దిగి తిరిగేటప్పుడు ఎండలో తలుపులేసిన కారులో పెన్ను వదలొద్దు. ఒక పెన్ను ఎక్కువ తీసుకుని, రెండూ వేర్వేరు బ్యాగుల్లో పెట్టండి.

ఇక అమ్మగారు. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టండి, చూపు దూరంగా రోడ్డు మీదే ఉండాలి, ఫోన్ వద్దు. కడుపు నిండా తిని ఘాట్ ఎక్కకూడదు, పూర్తి ఖాళీ కడుపుతోనూ ఎక్కకూడదు. కోతమంగళంలో నాన్నగారు భోజనం చేస్తే ఆమె రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసే మాత్ర కడుపులో నిలవదు, బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. మనవాళ్లు చాలామంది తెచ్చుకునే ఒండాన్‌సెట్రాన్ ప్రయాణ వాంతులకు అంతగా పనిచేయదు. ప్రొమెథాజిన్, మెక్లిజిన్ లాంటివి పనిచేస్తాయి, కానీ మగత తెస్తాయి. పెద్దవాళ్లలో నోరెండిపోవడం, తూలి పడడం, మూత్రం సరిగా రాకపోవడం ఉంటాయి. గ్లకోమా, అంటే కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, ఉన్నవాళ్లు వాడకూడదు. అందుకే డోసు మీ డాక్టర్ చెప్పిందే వాడాలి. ఆ మాత్ర వేసుకున్న రోజు మెట్లు దిగేటప్పుడు ఒకరు చేయి పట్టుకోండి.

మున్నార్‌లో రిసార్టులు చాలావరకు కొండవాలు మీద కడతారు. రిసెప్షన్ పైన, గది నలభై మెట్లు కింద ఉండొచ్చు. ‘మెట్లు లేని గది, వెస్టర్న్ టాయిలెట్’ అని బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఇరవికులం పార్కులో అటవీ శాఖ బస్సు దింపాక ఎత్తు మీదికి నడక ఉంటుంది. అమ్మగారు మొత్తం నడవనక్కర్లేదు, దిగిన చోటు నుంచీ కొండలు బాగా కనిపిస్తాయి. నొప్పికి పారాసెటమాల్ చాలు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. నాన్నగారికైతే అవి గుండెకు, కిడ్నీకి కూడా చేటు, ఆయనకు ఇవ్వనే వద్దు.

పెద్దవాళ్లు ప్రయాణంలో ఒక పని చేస్తారు. దారిలో టాయిలెట్ దొరకదేమోనని నీళ్లు తాగడం మానేస్తారు. బీపీకి నీరు తీసే మాత్ర వాడేవాళ్లయితే అదీ చెప్పకుండా ఆపేస్తారు. అమ్మానాన్నలను ఈ మాట సూటిగా అడగండి. సిగ్గుపడి వాళ్లంతట వాళ్లు చెప్పరు. ప్రతి రెండు గంటలకు శుభ్రమైన టాయిలెట్ ఉన్న చోట ఆపమని డ్రైవర్‌కు మొదటి రోజే చెప్పండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఆ నాలుగడుగుల నడకా పనికొస్తుంది.

కేరళ హోటళ్లలో లేత గులాబీ రంగు వేడినీళ్లు ఇస్తారు. పతిముఖం అనే చెక్క వేసి మరిగించిన నీళ్లవి, నిశ్చింతగా తాగొచ్చు. గ్లాసు పట్టుకుంటే పొగలు కక్కాలి. గోరువెచ్చగా ఉంటే చల్లార్చడానికి మరగని నీళ్లు కలిపారేమో అనుకుని సీసా నీళ్లు తీసుకోండి. కేరళలో పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ తరచూ ఇలాగే వస్తుంది. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్‌ను దాని మీద రాసినంత నీటిలోనే కలపండి. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. హైదరాబాద్‌కే చెందిన ఒక పిల్లల డాక్టర్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరే వాడొద్దని ఆదేశించింది. వాంతులు, విరేచనాలు ఉన్న రోజు మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు ఆపాల్సి రావచ్చు. ఇదీ ముందే అడిగి రాయించుకోండి.

హౌస్‌బోట్ దగ్గరే నా మనసు కొంచెం వెనకాడుతోంది. తేక్కడి నుంచి అలెప్పీ దాదాపు 140 కిలోమీటర్లు, మధ్యాహ్నం పన్నెండుకల్లా ఎక్కమంటారు. అంటే మళ్లీ హడావుడి పొద్దు. సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో జాలర్లు వలలు వేసే వేళకు పడవలన్నీ ఎక్కడో ఒక గట్టుకు కట్టేస్తారు. ఆ గట్టుకు రోడ్డు ఉంటుందా? రాత్రి రెండింటికి ఛాతీ నొప్పి వస్తే అంబులెన్స్ ఎంత దూరంలో ఆగుతుంది? ఈ రెండు ప్రశ్నలు ఆపరేటర్‌ను అడగండి. కారు వచ్చే గట్టుకే కడతామని గట్టిగా చెబితే రాత్రి ఉండండి. తడబడితే పగలు నాలుగు గంటలు పడవలో తిరిగి రాత్రికి ఊళ్లో హోటల్‌లో పడుకోండి. కాలువలు, వరిపొలాలు పగలే కదా కనిపించేది! నన్నడిగితే మీ నాన్నగారికి రెండోదే మేలు. చాలా పడవల్లో ఏసీ రాత్రి తొమ్మిది తర్వాతే వేస్తారు, మున్నార్ చలి నుంచి వచ్చినవాళ్లకు ఆ ఉక్కపోత గట్టిగానే తగులుతుంది.

పడవలో పాపను డెక్ మీద ఒంటరిగా వదలొద్దు, ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండాలి. పాప సైజు జాకెట్ ఉందా అని ఎక్కేముందే చూడండి. తేక్కడి సరస్సులోనూ అంతే. 2009 సెప్టెంబర్ 30న అక్కడే పర్యాటక పడవ బోల్తా పడి 45 మంది చనిపోయారు. చెరువుల్లో, కాలువల్లో దిగి మునకలు వేయనివ్వకండి. మెదడుకు సోకే అమీబా ఇన్ఫెక్షన్ అరుదైనదే అయినా కేరళలో కొన్నేళ్లుగా కేసులు వస్తున్నాయి, అది ముక్కులోకి వెళ్లే మంచినీటి ద్వారానే సోకుతుంది.

ఆయుర్వేద మసాజ్ గురించి మీరు అడగలేదు గానీ, కేరళ వెళ్లి అది చేయించుకోకుండా వచ్చేవాళ్లు తక్కువ. అమ్మగారు మెత్తగా నూనె రాయించుకోవచ్చు. నాన్నగారికి కిళి అనే వేడి మందు మూటల కాపడం, ఆవిరి పెట్టె వద్దు. ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి, కాలినా తెలియదు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే గట్టిగా నొక్కిన చోట కమిలిపోతుంది. ఎంత మంచి లేహ్యమన్నా అక్కడ కొత్తగా మొదలుపెట్టకండి. నూనె ఒంటితో బాత్రూం దాకా నడిచేటప్పుడు జారిపడకుండా తోడు ఉండండి.

స్టెంట్ కాగితం, చివరి ఈసీజీ, మందుల చీటీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఒక జిరాక్స్ కూడా బ్యాగులో ఉంచండి. ఆస్ప్రిన్ లాంటి మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే మాత్ర ఎప్పుడు, ఎన్ని వాడాలో కార్డియాలజిస్టునే అడగండి. కేరళలోనూ అంబులెన్స్‌కు 108, ఆరోగ్య సలహాకు 1056. కొట్టాయం, అలెప్పీలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. మున్నార్, తేక్కడిలలో గుండె చికిత్స ఉన్న ఆస్పత్రికి కొండ దిగాల్సి రావచ్చు. అందుకే అక్కడ ఛాతీ నొప్పి వస్తే ‘తెల్లారాక చూద్దాం’ అనుకోవద్దు.

తిరిగొచ్చాక నెలన్నర లోపు ఎవరికి జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, పిక్కలు విపరీతంగా నొప్పెట్టినా డాక్టర్‌కు ముందుగా ‘కేరళ వెళ్లొచ్చాం, పడవ ఎక్కాం’ అని చెప్పండి. డెంగీ, ఎలుక జ్వరం, హెపటైటిస్-ఏ కోసం ఏ పరీక్ష ముందు చేయాలో వాళ్లకు ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.