డిక్కీలో తుపాకీ, చేతిలో శుభలేఖ

ప్రశ్న: అయ్యా, మాది దేవరకొండ దగ్గర పల్లె. ఆత్మరక్షణ కోసం నాకు పన్నెండేళ్లుగా డబుల్ బ్యారెల్ తుపాకీ లైసెన్సు ఉన్నది. ట్రిగ్గర్ సరిగా పనిచేయడం లేదని, వచ్చే నెల హైదరాబాద్‌లోని తుపాకుల షాపుకు కారులో తీసుకెళ్లాలనుకుంటున్నాను. అదే రోజు ఇబ్రహీంపట్నంలో దగ్గరి బంధువుల పెళ్లి ఉన్నది. తుపాకీని డిక్కీలో పెట్టి తాళం వేసి, డ్రైవర్‌ను కారు దగ్గరే ఉంచి, నేను పెళ్లి చూసుకొని రావచ్చునా? లైసెన్సు ఉన్నప్పుడు భయమెందుకని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజం ఉన్నది. లైసెన్సు తుపాకీకి కాదు, మీకు ఇచ్చారు. తుపాకీ మీ అదుపులో ఉన్నంతసేపే అది మిమ్మల్ని కాపాడుతుంది. ఆయుధాల చట్టం, 1959ని అనుసరించి 2016లో వచ్చిన నియమాల ప్రకారం, బహిరంగ ప్రదేశంలో తుపాకీని తీసుకెళ్లేటప్పుడు అది దానికి తగిన సంచిలో పూర్తిగా కప్పబడి ఉండాలి, తీసుకెళ్లే మనిషికి దానిపై పూర్తి అదుపు ఉండాలి. ఫంక్షన్ హాలు బయట ఎండలో నిలిపిన కారు డిక్కీలోని తుపాకీపై, లోపల పంక్తిలో కూర్చున్న మీకు ఏమి అదుపు ఉంటుందో మీరే ఆలోచించండి. తాళం అడ్డమే, కాదనను. కానీ దొంగకు కావలసింది కారే అయితే తుపాకీ కూడా దానితో పాటే పోతుంది.

డ్రైవర్ సంగతి ఇంతకంటే చిక్కైనది. తాళంచెవి ఆయన చేతిలో ఉన్నది, డిక్కీలో ఏమున్నదో ఆయనకు తెలుసు. స్వాధీనం అంటే వస్తువును చేత్తో పట్టుకొని ఉండటం మాత్రమే కాదని, అది ఉన్నదనే ఎరుక, దానిపై అధికారం ఉంటే చాలునని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో స్పష్టం చేసింది. లైసెన్సు లేని మనిషి స్వాధీనంలో తుపాకీ దొరికితే సెక్షన్ 25 కింద, 2019 సవరణ తర్వాత, కనీసం రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు, దానిపై జరిమానా. వాహనంలో దొరికిన ఆయుధం విషయంలో నేరం జరిగినట్లయితే, ఆ వాహనం ఎందరి ఉమ్మడి అదుపులో ఉన్నదో వారిలో ఆయుధం సంగతి తెలిసినట్లు నమ్మడానికి కారణమున్న ప్రతి ఒక్కరూ, తమకు సంబంధం లేదని రుజువు చేసుకోనంతవరకు బాధ్యులేనని సెక్షన్ 35 చెబుతుంది; ఆ వాహనాన్ని కూడా జప్తు చేయమని ఆదేశించే అధికారం కోర్టుకు ఉన్నది. నెల జీతానికి పనిచేసే మనిషిని ఇంత ప్రమాదంలో కూర్చోబెట్టి మనం పెళ్లి భోజనం చేయడం నాకైతే న్యాయంగా తోచదు.

అయితే చట్టం ఒక దారి ఇచ్చింది. మరమ్మతు కోసం, లైసెన్సు రెన్యువల్ కోసం, లేదా లైసెన్సుదారు ఉపయోగం కోసం, ఆయన సమక్షంలో గాని ఆయన రాతపూర్వక అనుమతితో గాని, లైసెన్సు లేని మనిషి కూడా తుపాకీని తీసుకెళ్లవచ్చునని సెక్షన్ 3 మినహాయింపు ఇస్తున్నది. కాబట్టి డ్రైవర్‌నే షాపుకు పంపాలనుకుంటే తెల్లకాగితంపై ఆయన పేరు, మీ లైసెన్సు నంబరు, తుపాకీపై చెక్కిన నంబరు, ఏ షాపుకు ఏ పనిమీద ఏ తేదీన పంపుతున్నదీ రాసి సంతకం చేసి, లైసెన్సు పుస్తకంతో పాటు ఇవ్వండి. ఆ కాగితం మరమ్మతు ప్రయాణానికే పనికివస్తుంది. పెళ్లి ముగిసేదాకా కారులో కాపలా కూర్చోవడానికి కాదు. మరమ్మతుకు తూటాలతో పనిలేదు, వాటిని ఇంట్లోనే తాళం వేసి ఉంచండి. తుపాకీ మాత్రం, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని మడిచి చూసుకున్న తర్వాతే సంచిలో పెట్టండి.

ఇక బయలుదేరే ముందు లైసెన్సు పుస్తకంలో అది ఎంత ప్రాంతానికి చెల్లుతుందో రాసిన చోటు ఒకసారి చదవండి. ఇది చాలామంది చూడరు. అందులో నల్లగొండ జిల్లా అని మాత్రమే ఉంటే, చింతపల్లి మీదుగా వెళ్లి మాల్ అనే ఊరు దాటగానే మీరు రంగారెడ్డి జిల్లాలో ఉంటారు, మీ అనుమతి అక్కడితో ఆగిపోతుంది. షరతులను మీరితే సెక్షన్ 30 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ జరిమానా చూసి నవ్వుకునేవారున్నారు గాని, అదే కారణంతో లైసెన్సును సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం కూడా కలెక్టరుకు ఉన్నదని వారు మరచిపోతారు. మీ పుస్తకంలో జిల్లా పేరే ఉంటే ముందుగా కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇచ్చి, రాతపూర్వక అనుమతి తీసుకొనే కదలండి. 2016 అక్టోబరులో పాత నల్లగొండ జిల్లా మూడుగా విడిపోయింది కనుక, సూర్యాపేట, భువనగిరి వైపు పాఠకులు కూడా తమ పాత పుస్తకాలలో ఏమి రాసి ఉన్నదో చూసుకోవడం మంచిది.

తుపాకీని హాలులోకి తీసుకెళ్లే ఆలోచన అసలే వద్దు. జాతరలకు, ఊరేగింపులకు, జనం గుమిగూడే చోట్లకు ప్రత్యేక అనుమతి లేకుండా ఆయుధం తీసుకెళ్లకూడదన్నది లైసెన్సు షరతులలో ఒకటి. బరాత్‌లో గాలిలోకి పేల్చే సరదా రాయుళ్ల కోసం 2019లో ప్రత్యేకంగా రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పెట్టారు.

నన్నడిగితే, ముందు తిన్నగా షాపుకు వెళ్లండి, తుపాకీ అప్పగించి రసీదు తీసుకోండి, తిరుగు ప్రయాణంలో ఖాళీ డిక్కీతో పెళ్లికి రండి. ముహూర్తం ఉదయమే అయితే షాపు పని మరో రోజుకు పెట్టుకోండి.

ప్రశ్న: అచ్చంపేట నుంచి శ్రీశైలం వెళ్లేటప్పుడు లైసెన్సు ఉన్న తుపాకీని జీపులో ఉంచుకోవచ్చునా?

జవాబు: వద్దు. మన్ననూరు దాటితే మీరు వెళ్లేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 సెక్షన్ 31 ప్రకారం చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని ముందుగా రాతపూర్వక అనుమతి ఇవ్వనిదే అభయారణ్యంలోకి ఏ ఆయుధంతోనూ ప్రవేశించరాదు. కలెక్టరు ఇచ్చిన లైసెన్సు ఈ అనుమతికి బదులు కాదు. ఇంకొక సంగతి: అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు తమ పేరును అటవీశాఖ వద్ద నమోదు చేయించుకోవాలని అదే చట్టంలో సెక్షన్ 34 చెబుతున్నది. అమ్రాబాద్, పదర వైపు, అలాగే చందంపేట వైపు అడవి అంచున ఉండే పాఠకులకు ఇది వర్తిస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు గత ఏడాది చనిపోయారు. ఆయన తుపాకీ ఇంకా మా జీపు సీటు కింది పెట్టెలోనే ఉన్నది. అడిగితే ఏమవుతుందోనని ఎవరికీ చెప్పలేదు. (మహబూబ్‌నగర్)

జవాబు: చెప్పకపోవడమే మీకు ప్రమాదం. లైసెన్సు మీ నాన్నగారితోనే పోయింది. ఆ రోజు నుంచి ఆ తుపాకీ మీ కుటుంబంలో ఎవరి చేతిలో ఉన్నా అది చట్టబద్ధం కాదు. ఇలాంటి ఆయుధాన్ని అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని జమ చేయాలని ఆయుధాల చట్టంలోని సెక్షన్ 21 ఆదేశిస్తుంది. ఆ జీపులో మాత్రం దాన్ని తీసుకొని బయలుదేరకండి. దారిలో తనిఖీ జరిగితే జమ చేయడానికే వెళ్తున్నామని నిరూపించుకోవడం కష్టం. ముందు మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం పట్టుకొని స్టేషన్‌కు వెళ్లి, ఎస్‌ఐ గారికి దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. వారే ఇంటికి వచ్చి తీసుకెళ్తారో, మిమ్మల్నే తెమ్మంటారో ఆ కాగితం మీదే రాయించుకోండి. తుపాకీ మీ పేరుమీదికి రావాలనుకుంటే, వారసులందరి సమ్మతితో కలెక్టరుకు వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. అది తేలేవరకు తుపాకీ జమలోనే ఉంటుంది.