అరచేతిలో పట్టేంత సొరచేప నిజంగా ఉందా?

ఉందండీ, పేరు డ్వార్ఫ్ లాంటర్న్ షార్క్. విజయవాడ చేపల మార్కెట్లో పుట్టు చేసుకోవడానికి కొనే సొరపిల్లలే చిన్నవని అనుకుంటాం గానీ, ఇది పూర్తిగా ఎదిగినా ఇప్పటిదాకా కొలిచిన వాటిలో అతి పెద్దది 21 సెంటీమీటర్ల పైచిలుకే, అంటే పిల్ల అనుకున్నది కడుపుతో ఉన్న తల్లి కూడా కావచ్చు. శాస్త్రీయ నామం ఎట్మోప్టెరస్ పెర్రీ, 1985లో గుర్తించారు. మన బంగాళాఖాతంలో కాదు, కొలంబియా, వెనిజులా తీరాల దగ్గర కరీబియన్ సముద్రంలో, దాదాపు 280 నుంచి 440 మీటర్ల లోతులో ఉంటుంది.

నాకు బాగా నచ్చేది దాని వెలుగు. దారి చూసుకోవడానికే వెలుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అది ముఖ్యంగా దాక్కోవడానికి. అంత లోతులోనూ పైనుంచి కాస్త మసక వెలుతురు దిగుతుంది కాబట్టి, కింద నుంచి పైకి చూసే పెద్ద చేపకు దీని ఒళ్లు నల్లటి నీడలా కనిపించాలి. పొట్ట చర్మంలో చుక్కల్లా ఉండే కాంతి అవయవాలు దాదాపు అంతే మసకగా వెలగడంతో ఆ నీడ కాస్తా మాయమైపోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

తలతో పోలిస్తే కళ్లు చాలా పెద్దవి. వీపు మీది రెండు రెక్కలకూ ముందు ఒక్కో ముల్లు ఉంటుంది. గుడ్లు బయట పెట్టదు, కాన్పుకు రెండు మూడు పిల్లల్ని కంటుంది, ఒక్కోటి 6 సెంటీమీటర్లకు అటూ ఇటూ.