నిదానంగా నడిచే కొరియన్ ప్రేమకథను డిస్కు తెప్పించుకుని చూడాలా, ఓటీటీలో చూస్తే చాలదా?

‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’ అనే పాత కొరియన్ ప్రేమకథా చిత్రం చూడాలని ఉందని, దాని డీవీడీని బయటి దేశం నుంచి తెప్పించుకోవడం దండగ ఖర్చేమోనని, ఓటీటీలోనో మరోచోటో దొరికినప్పుడు చూసేస్తే సరిపోదా అని మీరు అడిగారు. సరిపోదు. డిస్కు దొరికే దారి ఉన్నంతవరకు డిస్కే కొనండి. పాత వస్తువుల మీద మమకారంతో ఈ మాట అనడం లేదు. తెనాలిలో చాలాకాలం ఫోటో స్టూడియో నడిపిన మనిషికి కొడుకుగా, ఆయన పక్కన కూర్చుని ఈ సినిమా చూసినవాడిగా చెబుతున్నాను.

కథ చాలా చిన్నది. కొరియా పడమటి తీరంలోని గున్సాన్ అనే రేవు పట్టణంలో తీసిన ఈ సినిమాలో జంగ్‌వన్ ఒక చిన్న ఫోటో స్టూడియో నడుపుకుంటూ ఉంటాడు. అతనికి నయం కాని జబ్బు ఉంది. అడ్డదిడ్డంగా నిలిపిన కార్లకు జరిమానా రాసే ఉద్యోగంలో ఉన్న దారిమ్ అనే అమ్మాయి, ఆ కార్ల ఫోటోలు కడిగించుకోవడానికి వస్తూ పోతూ అతనికి దగ్గరవుతుంది. తనకు ఎక్కువ కాలం లేదన్న సంగతి అతను ఆమెకు చెప్పడు. ప్రేమిస్తున్నానని కూడా ఎదురుగా నిలబడి ఇద్దరిలో ఎవరూ చెప్పరు. హాన్ సుక్‌క్యూ, షిమ్ ఉన్‌హా ఆ ఇద్దరి పాత్రలు వేశారు. దర్శకుడు హర్ జిన్‌హోకు ఇది తొలి చిత్రం. 1998 జనవరిలో కొరియాలో విడుదలై, ఆ సంవత్సరమే ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో క్రిటిక్స్ వీక్ విభాగంలో ప్రదర్శితమైంది. ఛాయాగ్రాహకుడు యూ యంగ్‌గిల్ ఈ సినిమా విడుదలకు కొద్ది రోజుల ముందే కన్నుమూశారు, చిత్రాన్ని ఆయనకే అంకితమిచ్చారు.

నేను మొదట దీన్ని ఒక ఓటీటీలో చూశాను. సినిమా ముగిసి, పేర్లు మొదలై, ఆ ఛాయాగ్రాహకుడి పేరు కోసం చూస్తుండగానే బొమ్మ ఒక మూలకు కుంచించుకుపోయి, తెర నిండా మరేదో సీరియల్ ప్రకటన వచ్చి, అంకెలు వెనక్కి లెక్కపెట్టడం మొదలైంది. చావు గురించి ఇంత మెత్తగా మాట్లాడిన సినిమా చూసిన మనిషికి, ఆ తరువాత ఒక నిమిషం ఊరికే కూర్చునే హక్కు ఉండాలి. పైగా కొరియన్ అంటే 16 ఎపిసోడ్ల సీరియళ్లే అన్నట్లు దీన్ని కూడా వాటి మధ్య పడేసి, వాటి మాదిరి బొమ్మే అతికించి పెట్టారు. కొన్నాళ్లకు మళ్లీ చూద్దామని వెతికితే ఆ సినిమా అక్కడ లేనే లేదు. నెల నెలా డబ్బు కట్టినా మన చేతిలో ఏమీ మిగలదన్న సంగతి అప్పుడే నాకు గట్టిగా తెలిసింది.

ఆ తరువాత కొరియాలోని సువాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావగారు సెలవుకు వస్తూ దీని కొరియన్ డీవీడీ తెచ్చిపెట్టారు. కొనేముందు మీరు తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది. డీవీడీలను అమ్మే ప్రాంతాన్ని బట్టి విడదీశారు. కొరియా 3వ ప్రాంతంలో ఉంది, మన దేశం 5వ ప్రాంతంలో ఉంది. అందువల్ల ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్‌లో ఆ డిస్కు పెడితే ప్రాంతం సరిపోలేదన్న సందేశం తప్ప బొమ్మ రాదు. అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడించే ప్లేయర్ కావాలి. కొన్ని రకాల ప్లేయర్లలో రిమోట్‌తోనే ఆ అడ్డు తొలగించుకోవచ్చు. డీవీడీ కన్నా స్పష్టమైన బొమ్మ ఇచ్చే బ్లూరే డిస్కులకు లెక్క వేరు, అక్కడ కొరియా ‘ఏ’ (A) ప్రాంతం, మనది ‘సీ’ (C) ప్రాంతం. అయినా ఈ అవస్థ పడడానికి ఒక మంచి కారణం ఉంది. మన దేశంలో వాడే పాల్ అనే టీవీ పద్ధతి డిస్కు సెకనుకు 25 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. సినిమా తీసేది 24 ఫ్రేములతో. కాబట్టి పాల్ డిస్కుకు ఎక్కించిన సినిమా సాధారణంగా నూటికి నాలుగు వంతులు వేగంగా పరుగెత్తుతుంది. 97 నిమిషాల ఈ చిత్రం ఆ లెక్కన 93 నిమిషాల్లో ముగిసిపోతుంది. కొరియాలో వాడేది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి కనుక అక్కడి డిస్కులో సినిమా తన నడకన తాను నడుస్తుంది. నాలుగు నిమిషాలే కదా అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. నడకే ప్రాణంగా ఉన్న సినిమాలో ఆ నాలుగు నిమిషాలు చాలా పెద్దవి.

ఇక మా నాన్నగారి సంగతికి వస్తాను. ఆయనకు కొరియన్ రాదు, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు చదివే ఓపికా లేదు. ఫోటో స్టూడియో కథ అని చెప్పగానే మాత్రం వచ్చి కూర్చున్నారు. డార్క్ రూములో ఫోటోలు కడిగే హైపో మందు వాసన మధ్య పని నేర్చుకున్న మనిషి ఆయన. నెగిటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి ముఖం మీద మచ్చలు మాయం చేయడంలో మా ఊళ్లో ఆయనకు మంచి పేరుండేది. కలర్ ల్యాబులు, ఆ తరువాత సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేశారు. మొదటి పావుగంట నేను పక్కనుంచి మాటలు తెలుగులో చెబుతూ వచ్చాను. ఆ తరువాత చేత్తోనే వద్దని సైగ చేశారు.

సినిమాలో ఒక కుటుంబం గ్రూపు ఫోటో తీయించుకోవడానికి వస్తుంది. అది అయ్యాక ముసలావిడను విడిగా కూర్చోబెట్టి ఒక ఫోటో తీయిస్తారు. ఎందుకో ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. తరువాత ఆ ముసలావిడ మంచి బట్టలు కట్టుకుని ఒంటరిగా మళ్లీ స్టూడియోకు వస్తుంది. ఇది తన అంత్యక్రియల్లో పెట్టే ఫోటో కనుక ఇంకోసారి అందంగా తీయమని జంగ్‌వన్‌ను అడుగుతుంది. సరిగ్గా అక్కడ మా నాన్నగారు నా చేతిలోంచి రిమోట్ తీసుకుని బొమ్మ ఆపేశారు. ఆపి, వెనక్కి తిప్పమన్నారు. తిప్పి మళ్లీ చూశారు. ‘తొందర పెట్టలేదు చూశావా’ అన్నారు, అంతే. కాసేపటికి తన స్టూడియోకు అలా వచ్చినవాళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు. కొడుకులు ఎలాగూ ఏదో పెళ్లి ఫోటోలోంచి తల కత్తిరించి పెద్దది చేయించి పటం కట్టిస్తారని, ఆ పటానికి దండ వేస్తే చూడడానికి తాము ఉండమని, అందుకే ఇప్పుడే పట్టుచీర కట్టుకుని వచ్చామని చెప్పిన పెద్దవాళ్లు ఆయనకు ఎందరో తెలుసు. అలాంటివాళ్లకు నవ్వమని చెప్పాలా వద్దా అన్నది ఆయనకు చివరిదాకా తేలని ప్రశ్నట. ఈ విషయాలు ఆయన అంతకుముందు నాకెప్పుడూ చెప్పలేదు.

ఆ ప్రశ్నకు ఈ సినిమా పుట్టుకతోనే సంబంధం ఉంది. 1996లో చనిపోయిన గాయకుడు కిమ్ క్వాంగ్‌సోక్ అంత్యక్రియల్లో పెట్టిన ఫోటోలో ఆయన నవ్వుతూ కనిపించడం నుంచే ఈ కథ ఆలోచన మొదలైందని దర్శకుడు చెప్పారు. సినిమా చివరి భాగంలో జంగ్‌వన్ కోటు వేసుకుని, కెమెరా సరిచేసుకుని, తాను ఇంతకాలం ఇతరులను కూర్చోబెట్టిన కుర్చీలో వెళ్లి కూర్చుంటాడు. ముఖం మీద చిన్న నవ్వు తెచ్చుకుంటాడు. ఆ ముఖమే క్రమంగా అతని అంత్యక్రియల పటంగా మారిపోతుంది. అక్కడ కూడా మా నాన్నగారు బొమ్మ ఆపారు. ‘తన ఫోటో తానే తీసుకునేవాడికి గడ్డం దించమని చెప్పే మనిషి ఉండడురా’ అన్నారు. ఈ సినిమా మీద వచ్చిన వ్యాసాలు నేను చాలానే చదివాను, ఆ ఒక్క వాక్యానికి సాటివచ్చే పరిశీలన వాటిలో నాకు కనిపించలేదు.

డిస్కు కొనమని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. ఓటీటీలో ఆపితే బొమ్మ మీద నల్లటి పొర, దాని మీద సినిమా పేరు, బొత్తాలు, వివరాలు వచ్చి కూర్చుంటాయి. డిస్కులో ఆపితే బొమ్మ ఒక్కటే నిలుస్తుంది, ఒక్కొక్క ఫ్రేమునే ముందుకు జరుపుకుంటూ చూడవచ్చు. ఫోటోల గురించి తీసిన సినిమాను ఫోటోలా నిలిపి చూడగలగడం నా దృష్టిలో చిన్న సౌకర్యం కాదు. జంగ్‌వన్ ఒక కాఫీ హోటల్లో కూర్చుని, రోడ్డుకు అవతల తన పనిలో ఉన్న దారిమ్‌ను కిటికీలోంచి చూస్తూ, అద్దం మీద ఆమె రూపం వెంట వేలి కొసలు కదిపే దృశ్యం ఒకటుంది. పిలవడు, బయటికి వెళ్లడు. ఆమె కదిలితే వేళ్లు కదులుతాయి. ఆ దృశ్యాన్ని నిలిపి చూస్తే, మనిషిని ముట్టుకోవడానికి బదులు మనిషి బొమ్మను ముట్టుకోవడం ఫోటోలు తీసేవాడికి ఎంత సహజమో తెలుస్తుంది.

డీవీడీలో ఉండేది 480 గీతల బొమ్మే కదా, ఓటీటీలో 1080 ఉంటుంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. గీతల సంఖ్య మాత్రమే చూస్తే నిజమే. కానీ ఓటీటీలు ఆ 1080 గీతల బొమ్మను తరచుగా సెకనుకు 5 మెగాబిట్ల సమాచారం దగ్గరికి కుదించి పంపుతాయి. అదే 1080 గీతల బొమ్మకు బ్లూరేలో 40 మెగాబిట్ల దాకా చోటుంది. వాన కురిసే రాత్రులు, దీపం తీసేసిన గదులు ఉన్న సినిమాలో ఆ తేడా నీడల్లో కనిపిస్తుంది. నీడలు గళ్లు గళ్లుగా విరిగిపోతాయి. ఈ సినిమాను 2013లో డిజిటల్‌గా మెరుగుపరచి కొరియా థియేటర్లలో మళ్లీ విడుదల చేశారు కూడా. అలా మెరుగుపరచిన బొమ్మతో బ్లూరే మీ కంటపడితే డీవీడీ జోలికి వెళ్లకుండా దాన్నే తీసుకోండి.

కొరియాలోనూ డిస్కుల వ్యాపారం సుఖంగా ఏమీ లేదు. అక్రమ డౌన్‌లోడ్ల దెబ్బకు 2000ల చివరికే పెద్ద హాలీవుడ్ సంస్థలు అక్కడ తమ డిస్కుల విభాగాలు మూసుకుని వెళ్లిపోయాయి. ఆ తరువాత ప్లెయిన్ ఆర్కైవ్ లాంటి చిన్న సంస్థలు తక్కువ సంఖ్యలో, చక్కటి అట్టపెట్టెలతో, చిన్న పుస్తకాలతో సహా అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టాయి. అవి అయిపోతే మళ్లీ దొరకడం కష్టం. కనుక ధర తగ్గుతుందేమోనని ఎదురుచూడడం తెలివైన పని కాదు. ఒక లోటు ఉంది, దాచను. సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఇచ్చినా, దర్శకుడి వ్యాఖ్యానానికీ ముఖాముఖిలకూ చాలా కొరియన్ డిస్కులలో అవి ఉండవు. అయినా వాళ్లు కనీసం సినిమాను శుభ్రంగా ఇస్తారు. మన పాత తెలుగు సినిమాల డిస్కుల్లో బొమ్మ మధ్యలో సంస్థ గుర్తు, కింద పరుగెత్తే ప్రకటనలు, పాటల మధ్యలో కోతలు చూసి పెరిగిన నాకు, ఒక దేశం తన సినిమాను ఇంత గౌరవంగా పెట్టెలో పెట్టి అందించడం చూస్తే మనసుకు కష్టంగానే ఉంటుంది. మన సినిమాలకు ఆ మర్యాద ఎందుకు దక్కలేదో అడిగేవాళ్లు కూడా మనలో తక్కువ.

ఇంట్లో సినిమా చూసుకోవడం అన్న విషయం ఈ చిత్రంలోనే ఉంది. వీడియో టేపు ఎలా ఆడించాలో జంగ్‌వన్ తన తండ్రికి రిమోట్ పట్టుకుని నేర్పుతాడు. తండ్రి మళ్లీ మళ్లీ తప్పు నొక్కుతాడు. కొడుకు విసుక్కుని లేచి వెళ్లిపోతాడు. తరువాత ఒంటరిగా కూర్చుని, ఏ బొత్తం తరువాత ఏది నొక్కాలో పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం మీద వరసగా రాసిపెడతాడు. తాను పోయాక నేర్పేవాళ్లు ఉండరని సినిమా ఎక్కడా చెప్పదు. నిదానంగా ఉంది, ఏమీ జరగలేదు అనేవాళ్లు ఈ దృశ్యం చూసి కూడా ఆ మాటే అంటే, వాళ్లకు ఏ సినిమా చూడమని చెప్పాలో నాకు తోచదు.

కాబట్టి ముందు ప్లేయర్ సంగతి తేల్చుకుని, తరువాత డిస్కుకు ఆర్డర్ పెట్టండి. అట్ట వెనక ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉన్నట్లు రాసి ఉందో లేదో అమ్మేవాళ్లను ఫోటో పంపమని అడిగి చూసుకోండి. కస్టమ్స్ సుంకం పడే అవకాశం ఉంది కనుక ఒక్క డిస్కు కోసం కాకుండా ఇదే దర్శకుడు 2001లో తీసిన ‘వన్ ఫైన్ స్ప్రింగ్ డే’ను కూడా కలిపి తెప్పించుకుంటే పోస్టు ఖర్చు కలిసివస్తుంది. అందులో కథానాయకుడు శబ్దాలు రికార్డు చేసే మనిషి. వెదురు తోపులో గాలి చప్పుడు కోసం మైకు పట్టుకుని నిలబడే దృశ్యాన్ని టీవీకి ఉన్న చిన్న స్పీకర్లలో వినకండి, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.