ఐరోపాలో ఊరు ఎంచుకునే ముందు గడియారం చూసుకోండి

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం చేతిలో ఉండి, ఐరోపాకు వచ్చి ఉందామనుకునే తెలుగువారు నన్ను అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా ఊరి గురించే ఉంటుంది. లిస్బన్ బాగుంటుందా, బార్సిలోనా బాగుంటుందా, బెర్లిన్‌లో మనవాళ్లు ఎక్కువట కదా, అక్కడికే వెళ్లమంటారా అని అడుగుతారు. పోర్చుగల్‌లోని పోర్టోలో స్థిరపడినవాణ్ణి కనుక ఈ ఊరి గురించి నాలుగు మంచి మాటలు చెబుతానని ఎదురుచూస్తారు. నేను మాత్రం మీ కంపెనీ ఏ దేశంలో ఉంది, రోజులో మొదటి మీటింగ్ ఎన్ని గంటలకు, చివరిది ఎన్ని గంటలకు అని ఎదురు ప్రశ్న వేస్తాను. ఇంటి నుంచి పనిచేసేవారు ఒక ఊళ్లో అద్దె కడుతూ మరొక ఊరి వేళలకు నిద్ర లేవవలసి ఉంటుంది. ఈ సంగతి లెక్కలోకి తీసుకోకుండా ఎంచుకున్న ఊరు ఎంత అందంగా ఉన్నా కొన్నాళ్లకు భారమైపోతుంది.

ముందుగా హైదరాబాద్ ఆఫీసుతో పనిచేసేవారి సంగతి చూద్దాం. అక్కడ ఉదయం తొమ్మిదిన్నరకు మీటింగ్ మొదలయ్యే సమయానికి శీతకాలంలో లిస్బన్‌లోనూ పోర్టోలోనూ తెల్లవారుజామున నాలుగు గంటలవుతుంది. మాడ్రిడ్, బెర్లిన్, ప్రాగ్ నగరాలలో ఐదు. గ్రీసులోని ఏథెన్స్, ఎస్టోనియాలోని టాలిన్ నగరాలలో ఆరు. వేసవిలో గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు కనుక ఇవి వరుసగా ఐదు, ఆరు, ఏడు అవుతాయి. అంటే భారతదేశపు కంపెనీకి పనిచేసే మనిషికి పోర్చుగల్ ఎంత చవకగా దొరికినా నిద్ర దగ్గర నష్టమే. అటువంటివారిని నేను గ్రీసు వైపు చూడమంటాను. ఏథెన్స్‌లో వేసవి ఎండ కొన్ని రోజులు నలభై డిగ్రీలు దాటుతుందని ఇక్కడివారు భయపెడతారు గాని, బెజవాడ మే నెల చూసినవారికి అది కొత్త కాదు. అదే గడియారంతో నడిచే టాలిన్ మాత్రం వేరే సంగతి. డిసెంబరులో అక్కడ పగలు సుమారు ఆరు గంటలే ఉంటుంది. చీకట్లో లేచి, చీకటి పడేదాకా తెర ముందు కూర్చునే మనిషికి అది చిన్న విషయం కాదు.

అమెరికా తూర్పు తీరపు కంపెనీకి పనిచేసేవారికి లెక్క తిరగబడుతుంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అయ్యేసరికి పోర్టోలో మధ్యాహ్నం రెండు, బెర్లిన్‌లో మూడు, ఏథెన్స్‌లో నాలుగు. వారి పని సాయంత్రం ఐదుకు ముగిస్తే మనకు పోర్టోలో రాత్రి పది, ఏథెన్స్‌లో అర్ధరాత్రి. పడమటి తీరపు జట్టుతో పూర్తి వేళలు పంచుకోవలసిన వారు ఐరోపాలో ఏ ఊరికీ రాకపోవడమే మేలు. పోర్టోలో కూడా వారి సాయంత్రం ఐదు అంటే మనకు రాత్రి ఒంటిగంట. ఇందులో మరొక మెలిక ఉంది. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు జరిగితే, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం ఆ పని చేస్తారు. మధ్యలో మిగిలే ఆ వారాలలో అమెరికా మీటింగులన్నీ ఒక గంట ముందుకు వచ్చి పడతాయి. పిల్లలను బడి నుంచి తీసుకువచ్చే బాధ్యత ఉన్నవారు ఆ వారాలను ముందే క్యాలెండరులో గుర్తుపెట్టుకోవాలి.

గడియారం కుదిరిన తరువాత కాగితాలు. పర్యాటక షెంగెన్ వీసా (ఒకే వీసాతో ఐరోపాలో చాలా దేశాలు తిరగడానికి ఇచ్చేది) మీద వచ్చి, ఏ 180 రోజులలోనైనా 90 రోజులు ఉండవచ్చు కదా అని ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేవారు కొందరున్నారు. ఆ వీసా చూసి పోవడానికే గాని పనిచేయడానికి కాదు. పోర్చుగల్ 2022 అక్టోబరు చివరిలో దూరం నుంచి పనిచేసేవారి కోసం ప్రత్యేక వీసా ప్రారంభించింది. దానినే డీ8 అంటారు. నెల ఆదాయం అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు ఉండాలి. 2025లో కనీస వేతనం 870 యూరోలు కనుక ఆ ఏడాది హద్దు 3480 యూరోలు. కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఇదీ పెరుగుతుంది. ఇటువంటి వీసాకే గ్రీసు ప్రభుత్వం, పన్నులు పోగా నెలకు 3500 యూరోల ఆదాయం చూపమంటుంది, భార్యకు లేదా భర్తకు అందులో ఇరవై శాతం, ఒక్కొక్క బిడ్డకు పదిహేను శాతం అదనంగా. దూరం నుంచి పనిచేసేవారికి హంగరీ ఇచ్చే వైట్ కార్డు మీద కుటుంబాన్ని తెచ్చుకోవడం కుదరదు. జర్మనీలో ఈ తరహా వీసాయే లేదు. స్వతంత్రంగా వృత్తి చేసుకునేవారికి ఇచ్చే అనుమతి ఉంది గాని, భారతదేశపు కంపెనీలో నెల జీతం తీసుకునేవారికి అది అమరదు. ఎస్టోనియా 2014 నుంచి ఇస్తున్న ఈ-రెసిడెన్సీ కార్డును చూసి నివాసానుమతి అనుకోవద్దు. దానితో కంపెనీ పెట్టుకోవచ్చు, కాగితాల మీద డిజిటల్ సంతకం చేయవచ్చు; ఆ దేశంలో కాలు పెట్టడానికి మాత్రం అది పనికిరాదు.

స్పెయిన్ గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవారిలో దాని మీద మోజు ఎక్కువ. వలెన్సియా వంటి ఊరు నిజంగానే మంచి ఎంపిక: సముద్రం, ఎండ, నడిచి తిరగగలిగే వీధులు, మాడ్రిడ్ కంటే తక్కువ ఒత్తిడి. కాని అక్కడి అధికారులు జీతగాళ్లను మీ సామాజిక భద్రత చందా (పింఛను వంటి వాటి కోసం జీతం నుంచి కట్టేది) ఎక్కడ కడుతున్నారని అడుగుతారు. భారత్‌కూ స్పెయిన్‌కూ మధ్య ఆ విషయంలో ఒప్పందం అమలులో లేదు. అందువల్ల భారతీయ కంపెనీ ఉద్యోగి దరఖాస్తు అక్కడే చిక్కుబడుతుంది. సొంతంగా క్లయింట్లను చూసుకునేవారికి దారి సులువు. పోర్చుగల్‌తో మనకు అటువంటి ఒప్పందం 2017 నుంచి అమలులో ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు, మీ కంపెనీ అనుమతి ఒక ఎత్తు. ఇంటి నుంచి పనిచేయమన్నారంటే ఇల్లు ఏ దేశంలో ఉన్నా ఫరవాలేదని అర్థం కాదు. క్లయింటు సమాచారం దేశం దాటకూడదన్న షరతు ఉండవచ్చు. మీరు అక్కడ ఉండడం వల్ల కంపెనీకి ఆ దేశంలో పన్ను బాధ్యత వచ్చి పడవచ్చు. వ్రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా, వీపీఎన్ పెట్టుకుని హైదరాబాద్‌లోనే ఉన్నట్టు నడిపించే ఆలోచన దయచేసి చేయవద్దు.

ముందు తేలికగా వీసా ఇచ్చే దేశంలో దిగి, ఆ కార్డుతో జర్మనీకో నెదర్లాండ్స్‌కో మారిపోవచ్చన్న మాట మనవారిలో బాగా ప్రచారంలో ఉంది. ఒక షెంగెన్ దేశపు నివాసానుమతితో మిగతా దేశాలకు 90 రోజులు తిరిగి రావచ్చు, అంతే. కాపురం పెట్టడానికీ పనిచేయడానికీ అక్కడ మళ్లీ అనుమతి తీసుకోవలసిందే. కనుక మొదటి ఊరినే ఐదేళ్లు ఉండవలసిన ఊరిగా భావించి ఎంచుకోండి. పన్నుల విషయమూ అలాగే చూడాలి. ఏడాదిలో 183 రోజులు దాటి ఉన్నా, స్థిరమైన ఇల్లు పెట్టుకున్నా పోర్చుగల్ మిమ్మల్ని తన పన్ను పరిధిలోకి తీసుకుంటుంది. పదేళ్ల పాటు తక్కువ పన్ను అంటూ పాత వ్యాసాలలో కనిపించే పథకం కొత్తవారికి 2024 నుంచి లేదు. దాని స్థానంలో వచ్చినది కొన్ని ప్రత్యేక వృత్తులకే వర్తిస్తుంది. జీతంలో చేతికి ఎంత వస్తుందో ఇక్కడి లెక్కల నిపుణుడితో ఒకసారి కాగితం మీద వేయించుకున్నాకే అద్దె గురించి ఆలోచించండి.

ఇక ఇల్లు. నా ఉద్దేశంలో ఊరి ఎంపిక చివరకు ఇంటి ఎంపికగానే తేలుతుంది, ఎందుకంటే మీరు రోజులో ఎక్కువ భాగం ఉండేది అందులోనే. పోర్చుగల్ ప్రకటనలలో టీ1, టీ2 అని కనిపిస్తాయి; ఆ అంకె పడక గదులను సూచిస్తుంది, హాలు వేరుగా ఉంటుంది. పని గది వేరే కావాలనుకునే దంపతులకు టీ2 తప్పనిసరి. పోర్టో నడిబొడ్డున అటువంటి ఇంటి అద్దె ఇక్కడి కనీస వేతనాన్ని మించిపోవడం మామూలే. రైలులో గంట దూరంలో ఉన్న బ్రాగాలో అద్దె కొంత తక్కువ, ఇంటర్నెట్ వేగంలో లోటు ఉండదు. రోజూ ఆఫీసుకు వెళ్లనవసరం లేని మనిషి పెద్ద నగరపు అద్దె కట్టడంలో అర్థం లేదని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడి పాత ఇళ్లలో చలికాలం బయటికంటే లోపల ఎక్కువగా బాధిస్తుంది. గదులను వెచ్చబరిచే ఏర్పాటు చాలా ఇళ్లలో ఉండదు, రాతి గోడలు తేమను పీల్చుకుంటాయి. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు ఉత్తరపు గోడకు ఆనించిన బీరువాను కొంచెం జరిపి వెనక చూడండి. నల్లటి బూజు ఉంటే ఎంత కొత్తగా సున్నం వేసినా ఆ ఇల్లు వద్దు. అద్దె ప్రకటనలో ఇంటి విద్యుత్ సామర్థ్యపు తరగతి ఉండాలి; అన్నిటికన్నా కింది తరగతి అయిన ఎఫ్‌కు దగ్గరగా ఉంటే హీటరు బిల్లును అద్దెలో కలిపి చూసుకోండి. కిటికీలకు రెండు పొరల గాజు ఉందేమో చేత్తో తట్టి చూడండి. మీటరుకు ఎన్ని కేవీఏ (ఒకేసారి ఎంత కరెంటు వాడుకోవచ్చో చెప్పే కొలత) తీసుకున్నారో కూడా అడగాలి. చాలా ఇళ్లకు 3.45 కేవీఏ ఉంటుంది; ఒక గదిలో హీటరు, వంటింట్లో కరెంటు పొయ్యి, పక్కన గ్రైండరు ఒకేసారి నడిస్తే ఫ్యూజు పడిపోయి, దానితోపాటు మీ మీటింగూ ఆగిపోతుంది. కరెంటు కంపెనీకి చెప్పి 6.9కి పెంచుకోవచ్చు, నెల బిల్లు కొంచెమే పెరుగుతుంది.

అద్దె ఒప్పందాన్ని పన్ను కార్యాలయంలో నమోదు చేయించమని పట్టుబట్టండి. పన్ను తప్పించుకోవడానికి నమోదు వద్దనే యజమానులు ఉంటారు, అద్దె తగ్గిస్తామని ఆశ కూడా చూపుతారు. నమోదు లేని ఇంట్లో ఉంటే నివాస ధ్రువపత్రం దగ్గర నుంచి కార్డు పునరుద్ధరణ దాకా ప్రతిచోటా ఆగిపోతారు. డిపాజిట్‌గా రెండు నెలల అద్దెకు మించి చట్టప్రకారం అడగకూడదు. మన పెళ్లి ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలకు విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (విదేశాలలో చెల్లేలా పత్రాన్ని ధ్రువీకరించేది) భారతదేశంలోనే వేయించుకు రండి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా ఉంటే బయలుదేరే ముందే సరిచేయించుకోండి.

తిండికి ఇబ్బంది లేదు. బియ్యం, పప్పులు, చింతపండు దొరుకుతాయి, గోంగూర మాత్రం సీసాలోనే. ప్రభుత్వ బడులు ఉచితం, బోధన పోర్చుగీసులో. చిన్న పిల్లలు త్వరగా అందుకుంటారు గాని, పన్నెండేళ్లు దాటినవారిని తెచ్చేముందు బాగా ఆలోచించండి. తల్లిదండ్రులు వచ్చి ఉండాలనుకునేవారు విమానాల సంగతి కూడా చూసుకోవాలి: హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు, ఆమ్‌స్టర్‌డామ్‌కు నేరుగా విమానాలున్నాయి, పోర్టోకు రావాలంటే మధ్యలో మారక తప్పదు.

డీ8 దరఖాస్తుతోపాటు నివాస వసతికి రుజువు చూపాలి కనుక, చాలామంది ఇల్లు చూడకుండానే ఏడాది ఒప్పందం మీద సంతకం పెడతారు. వీలైతే సెలవు పెట్టుకుని, పర్యాటక వీసా మీద జనవరిలో ఒకసారి వచ్చి ఇళ్లు చూసి వెళ్లండి. జూన్‌లో చూస్తే ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది. ఏడాది ఒప్పందమైతే, గడువులో మూడో వంతు గడిచాక 120 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఖాళీ చేసే హక్కు అద్దెదారుకు చట్టం ఇస్తుంది. అంటే నచ్చని ఇంటికి కూడా సుమారు ఎనిమిది నెలల అద్దె కట్టవలసి రావచ్చు. వచ్చేటప్పుడు చేతిలో ఉంచుకోవలసిన డబ్బును ఆ లెక్కన వేసుకోండి.