అజ్టెక్ పాటల్ని యుద్ధాలకు రికార్డుగా నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కానీ వాటిని తేదీల కోసం కాదు, మనుషుల కోసం చదవాలి. ఒకప్పుడు ఇప్పటి మెక్సికో ప్రాంతాన్ని ఏలిన ఈ అజ్టెక్‌ల నవాట్ల్ భాషలో కవిత్వాన్ని "పువ్వు, పాట" అనేవారు. అదే భాషలో యుద్ధంలో చావు కూడా ఒక పువ్వే. అందుకే ఈ పాటల్లో ఎక్కడ పూలు రాలినా, అక్కడ ఎవరో చనిపోయారేమో అని ఆగి చూసుకోవాలి.

నాకు బాగా ఇష్టమైనది మకుయిల్‌షోచిత్సిన్ అనే స్త్రీ పాట. 1470లలో అజ్టెక్ రాజు అషాయాకాట్ల్ తొలూకా లోయ మీదికి దండెత్తాడు. ఆయన గెలుపుల్ని ఆమె వరసగా చెబుతూ వచ్చి, ఒకచోట ఆగిపోతుంది. ట్లిలాట్ల్ అనే ఒటోమి తెగ యోధుడు రాజు కాలిని గాయపరిచాడు. రాజు అతన్ని పిలిపించాడు. ఇక చంపేస్తారని వణికిపోతూ ట్లిలాట్ల్ ఒక దుంగ, జింక తోలు కానుకగా పట్టుకొచ్చాడు. అతని ఇంటి ఆడవాళ్లు రాజును బతిమాలుకున్నారు. విజయగీతంలో శత్రువు భయానికి, ఆ ఆడవాళ్ల మాటకు చోటిచ్చిందామె! రాజుల చరిత్రలో ఇలాంటివి అరుదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఈ పాట మనకు దొరికింది "కాంటారెస్ మెక్సికానోస్" అనే రాతప్రతిలో. అది 1521లో రాజధాని టెనోచ్టిట్లాన్ స్పెయిన్ వాళ్ల చేతిలో పడిపోయిన కొన్ని దశాబ్దాలకు, రోమన్ లిపిలో రాసింది. పాత పాటల్లోకి క్రైస్తవ దేవుడి పేర్లు కూడా చేరాయి. అయినా కొన్ని పాటలకు డోలు దరువులు "తి, తో, కి, కో" అని అక్షరాల్లో రాసిపెట్టారు, మన మృదంగం జతుల్లాగే.